వారం ముందే వచ్చిన సంతోషం

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు రెండో ఆదివారం. ఇరుగుపొరుగు చుట్టూ కూర్చోగా, కుట్టుబల్ల మీది ఆకుల వలయంలో ఈ వారపు ఊదా కొవ్వొత్తికి బదులు, మూడో వారం వెలిగించాల్సిన గులాబీ కొవ్వొత్తిని నానమ్మ వెలిగించింది.

ఏటా ప్రార్థన నడిపేది ఆమే. ఈమధ్య మరుపు ఎక్కువైంది.

"అత్తయ్యా, సంతోషపు కొవ్వొత్తి వచ్చే వారం కదా," అంది అమ్మ మెల్లగా.

నానమ్మ ముఖం చిన్నబోయింది. అగ్గిపెట్టె అమ్మకు అందించబోయింది.

"ఇక నా వల్ల కాదు. నువ్వే నడిపించమ్మా."

అమ్మ అందుకోలేదు.

"సంతోషం వారం ముందే గడప తొక్కితే తలుపేసుకుంటామా, పెద్దమ్మా? కానివ్వండి," అన్నాడు పక్కింటి వడ్రంగి.

నానమ్మ నవ్వి, సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టింది. నడుమ తడబడినచోట అమ్మ మెల్లగా మాట అందించింది. అగ్గిపెట్టె మాత్రం నానమ్మ ఒడిలోనే ఉంది.