శౌరయ్య ఓడ దిగలేదు

సూది రెక్సిన్‌లో ఇరుక్కుంది. ఫిలిప్ మిషను చక్రాన్ని వెనక్కి తిప్పి, సూదిని మెల్లగా పైకి లాగి, లారీ సీటు కవరుకు మళ్లీ కుట్టు వేయసాగాడు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా అదే పని. వేళ్ల కొసలు కాయలు కాశాయి, నడుం కాస్త వంగింది. చేతులు సీట్ల మీద ఉన్నా బుర్ర మాత్రం రెండో ప్రపంచయుద్ధం మీద ఉంటుందని షెడ్డులో అందరికీ తెలుసు. యుద్ధం ఎందాకా వచ్చిందన్నా అని టీ వేళ ఆటపట్టిస్తారు.

అతను నవల రాస్తున్నాడు. అందులో జపాను ముందుగా రష్యా మీదికి వెళ్లి ఆ మంచులోనే కూరుకుపోతుంది. ఇక బర్మాలోని రంగూన్ మీద బాంబులు పడవు. రంగూన్ రేవులో మూటలు మోసే శౌరయ్య ఓ రోజు దర్జాగా ఓడెక్కి బందరులో దిగుతాడు.

నిజానికి శౌరయ్య దిగలేదు. బాంబులు పడ్డప్పుడు భార్యనూ నాలుగేళ్ల కూతురు అమలమ్మనూ ఓడెక్కించి, తనకు చోటు దొరక్క, అడవుల వెంట కాలినడకన బయలుదేరాడు. ఎక్కడ పడిపోయాడో చెప్పినవాళ్లు లేరు. ఏటా సమాధుల పండక్కి అందరూ తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు పెడితే, అమలమ్మ ప్రహరీ పక్కన వట్టి నేల మీద పెట్టేది. ఆ అమలమ్మ ఫిలిప్ తల్లి. నవల ఆమె కోసమే.

అయితే ఆ రష్యా యుద్ధం ఎలా మొదలైందో నమ్మేట్టు రాయందే ఫిలిప్ ముందుకు కదలడు. మొదటి భాగం ఎన్నిసార్లు తిరగరాశాడో అతనికే తెలియదు. సైన్యాలు కదిలాయి, మంత్రులు వాదించుకున్నారు, శౌరయ్య మాత్రం పాపం మూటలు మోస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం పట్టిన తల్లి పక్కన కూర్చుని కొత్తగా రాసింది చదివాడు. మంత్రుల సమావేశం సగంలో ఉండగా ఆమె కళ్లు మూసుకునే అడిగింది.

“మా నాన్న ఓడెక్కాడంట్రా?”

“ఇంకా లేదమ్మా. యుద్ధం సరిగ్గా కుదరాలి గదా.”

“యుద్ధం సంగతి నాకెందుకురా. రాసేది నువ్వేగా. దింపెయ్యి.”

ఫిలిప్ నవ్వి, ఆదివారం కల్లా దింపేస్తానన్నాడు. దిగాడమ్మా అని నోటితో అన్నా సరిపోయేది. రాయకుండా చెబితే అబద్ధమవుతుందనుకున్నాడు.

మిగతా పేజీ కూడా చదివి తలెత్తేసరికి ఆమె ఊపిరి ఆగిపోయి ఉంది. చివరగా ఆమె చెవిన పడింది ఆ మంత్రుల మాటలే. భార్య హన్నా పరుగున వచ్చింది. ఇరుగుపొరుగువాళ్లు చేరారు, ఎవరో ఫాదర్‌గారికి ఫోన్ చేశారు. ఫిలిప్ కదల్లేదు. ఒక్క మాట అనలేకపోయానే అని లోలోపల కుమిలిపోయాడు.

కాసేపటికి హన్నా అతన్ని వంటింట్లోకి పిలిచింది. మధ్యాహ్నం అత్తయ్య తన అన్నంలో సగం తీయించిందని చెప్పింది.

“మా నాన్న ఆకలితో దిగుతాడు, ఉంచవే అంది. కాదనలేకపోయానండీ.”

గట్టు మీద అన్నం పళ్లెం, ఈగలు వాలకుండా దాని మీద బోర్లించిన మరో పళ్లెం.