రెండో సాకెట్

వరద సూచన కార్యాలయంలో సర్వర్ గది చూసుకునే ఆవిడకు తోటివాళ్లు పెట్టిన పేరు టిక్కమ్మ. నెల మొదట్లో ఫారం పట్టుకుని లోపలికి వెళ్లిందంటే, టేబుల్ మీద టీ చల్లారేలోపే టిక్కులన్నీ పెట్టేసి వచ్చేది. అందులో ప్రాసెసర్ గురించి ఉన్నది ఒకటే ప్రశ్న: మొత్తం లెక్క ఎంత? జవాబు ముప్పై రెండు. స్క్రీన్ మీద ఆ అంకె కనిపిస్తే టిక్కు. ఫారం తయారుచేసిన మహానుభావుడెవరో గాని, అంతకుమించి అడగాలని ఆయనకు తోచలేదు. చూడాలని ఈవిడకూ తోచలేదు.

ఆ నెల నది పొంగింది. ఆ సర్వర్ మీద మూడు గంటల్లో తేలాల్సిన వరద లెక్క ఆరు గంటలు పట్టింది. హెచ్చరిక మెసేజ్ వెళ్లేసరికి దిగువన పంపుహౌస్ మునిగిపోయింది. అందులో డ్యూటీలో ఉన్నది ఆవిడ సొంత అన్న.

అన్న పోయిన తొమ్మిదో రోజు ఆవిడ మళ్లీ పనిలోకి వచ్చింది. ఆలస్యం మీద వేసిన విచారణవాళ్లు కొత్త ఫారం పంపారు. సాకెట్లు ఎన్ని, ఒక్కో సాకెట్‌కి కోర్లు ఎన్ని, ఒక్కో కోరుకి థ్రెడ్లు ఎన్ని, అన్నీ విడివిడిగా అడిగారు. కమాండ్ కొట్టింది. మొత్తం ముప్పై రెండు అని వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ కింది వరుసలు చదివింది. సాకెట్ ఒకటి, కోర్లు పదహారు, థ్రెడ్లు రెండు.

ఆవిడ మళ్లీ చదివింది. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. అవి రెండుండాలి, ఒక్కోదాంట్లో పదహారేసి కోర్లు. కోరంటే పనిచేసే చెయ్యి. థ్రెడ్లు రెండు చేస్తే అదే చెయ్యి రెండు పనులు అందుకుంటుంది తప్ప కొత్త చెయ్యి మొలవదు. అందుకే మొదట్లోనే థ్రెడ్‌ని ఒకటికి కట్టేశారు. రెండు సాకెట్ల పదహార్లయినా, ఒక్క సాకెట్ పదహారుకి రెండేసి థ్రెడ్లయినా స్క్రీన్ మీద మొత్తం ముప్పై రెండే.

మూత తీసి చూసింది. మొదటి ప్రాసెసర్ మీది లోహపు రెక్కలు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. రెండోవి చల్లగా ఉన్నాయి. కిందటి నెలలో కరెంటు పోయి వచ్చినప్పుడు రెండోది చచ్చిపోయింది. బోర్డు సెట్టింగులు మొదటికొచ్చి థ్రెడ్లు రెండయ్యాయి. సగం చచ్చిన మెషిన్ కూడా ముప్పై రెండే చూపించింది, ఆవిడ టిక్కు పెట్టింది.

వెనకాల పెద్దసారు నిలబడి ఉన్నాడు. స్క్రీన్ చూసి తలుపు దగ్గరకి వేశాడు.

"మొత్తం ఎంతో అదొక్కటే రాసి ఇచ్చెయ్యమ్మా. ముప్పై రెండు అబద్ధం కాదుగా?"

"మరి ఆలస్యానికి ఏం చెప్తారు సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "మెసేజ్ అయితే వెళ్లింది కదా. పంపుహౌస్‌లో మనిషి నిద్రపోయి చూసుకోలేదని రిపోర్టులో రాస్తున్నారు. పోయినవాడికి ఏమవుతుంది చెప్పు? నీ ఉద్యోగం ఉంటుంది."

నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం ఆవిడకు ఆ మాట నచ్చింది. అలా నచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో వదిన ఫోన్. "ఏమ్మా, మీ అన్న నిద్రపోయాడంటున్నారు. పెద్దాడు బడిలో ఆ మాట విని ఏడ్చుకుంటూ వచ్చాడు. ఆయన డ్యూటీలో కన్ను మూసే మనిషేనా?"

పెద్దసారు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"కాదు వదినా. మెసేజ్ వెళ్లేటప్పటికే అన్న లేడు. ఇక్కడ మెషిన్ సగం చచ్చిపోయింది. నేను సరిగ్గా చూడకుండా బాగుందని సంతకం పెట్టాను."

వదిన ఒకటే అడిగింది.

"చూసుంటే ఎంత ముందు తెలిసేది?"

"మూడు గంటలు."

"మెట్లెక్కి గట్టు మీదికి రావడానికి ఆయనకి పది నిమిషాలు చాలు కదమ్మా," అంది వదిన.

ఫోన్ పెట్టేసింది. ఆవిడ ఫారం దగ్గరకి లాక్కుని, సాకెట్లు అన్నచోట ఒకటి అని రాసింది.