ఓడిపోయే పని

"మూడయింది. బోర్డు తుడిచావా?" అన్నారు ఆయన, పడక్కుర్చీలోంచి కాళ్ళు కింద పెట్టకుండానే.

తుడిచాను. నేను ఇంట్లో ఉండి తుడవని రోజుంటే కదా అడగాలి. ఇద్దరం రిటైరైన దగ్గర్నుంచీ మా ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి క్యారమ్స్ మొదలవుతుంది. చూసినవాళ్ళంతా "ఎంత ముచ్చటగా ఉన్నారో, ఈ వయసులో ఎదురెదురుగా కూర్చుని ఆడుకుంటున్నారు" అంటారు. ఆడుకోవడానికి ముందు మంచం వెనకనుంచి బోర్డు ఈడ్చుకురావాలి. స్టూలు మీద కదలకుండా కుదర్చాలి. పొడిగుడ్డతో తుడిచి, పౌడరు చల్లి, కాయలు పేర్చి, ఆయన నడుము వెనక దిండు సర్ది, టీ పెట్టుకురావాలి. ఇదంతా అయ్యాక ఎదురుగా కూర్చుని ఓడిపోవాలి.

అసలు పని అదే. మిగతావి చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఓడిపోవడానికి మాత్రం బుర్ర పెట్టాలి.

గెలవడానికేముంది, గురి ఉంటే చాలు. ఓడిపోవాలంటే గురీ ఉండాలి, అది ఎక్కడ ఎంత తప్పాలో తెలిసీ ఉండాలి. కాయ సరిగ్గా మూల రంధ్రం అంచుదాకా వెళ్ళి అక్కడ ఆగాలి, "అబ్బ, వెంట్రుకవాసిలో పోయింది" అని ఆయన జాలిపడేటట్టు. మరీ దూరంగా పోతే "మనసు పెట్టి ఆడవేం?" అని విసుక్కుంటారు. ఎర్రకాయ వేసి, దాని వెనకే వెయ్యాల్సిన కాయ పోగొట్టుకోవాలి. పది రోజులకోసారి నేనూ గెలవాలి, లేకపోతే ఆయనకి గెలుపు చప్పబడిపోతుంది. ఆ గెలిచే రోజు కూడా నేనే చూసి పెట్టుకోవాలి. ఆయనకి రాత్రి బాగా నిద్రపట్టిన రోజు, కూతురు ఫోన్లో నవ్వించిన రోజు అయితే పరవాలేదు. ఇక ఓడిపోయే రోజు నా కాయలు రెండో మూడో బోర్డు మీద మిగలాలి. ఆరు మిగిలితే అనుమానం, ఒకటే మిగిలితే గుండెదడ. నలభై ఏళ్ళుగా ఈ వంట నా చేతికి అలవాటే.

ఆట నేర్చుకున్నది మా పల్లెలో, మా ఇంటి పంచలో. మా అన్నలు ముగ్గురు. నాలుగో మనిషి దొరక్క నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. పేడచేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటే, సాయంత్రానికి ముగ్గుర్నీ ఓడించి మళ్ళీ గేదెల దగ్గరికి పోయేదాన్ని. "దీని వేలికి కళ్ళున్నాయిరా" అనేవాడు పెద్దన్న.

పెళ్ళైన నెలలోనే ఒక ఆదివారం ఆయన, నేను కూర్చున్నాం. మా మరిది పక్కన చేరాడు. నాకు తెల్లకాయలు వచ్చాయి. వచ్చిన ఊపులో తొమ్మిదీ వేసేశాను, ఎర్రకాయతో సహా. ఆయన చేతికి స్ట్రైకరు ఇవ్వకుండానే ఆట అయిపోయింది. మరిది ఈల వేశాడు. వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు, "కొత్తకోడలివి, అంత సంబరంగా గెలవక్కర్లేదమ్మా" అన్నారు. ఆయన పెదాలతో నవ్వి లేచారు.

తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. తిన్నారు, ఆఫీసుకి వెళ్ళారు, వచ్చారు, గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను చేసిన నేరమేమిటో తెలియక గంప కింద మూసిన కోడిలా ఆ ఇంట్లో తిరిగాను. ఐదో రోజు బోర్డు నేనే తెచ్చి వేశాను. ఓడిపోయాను. ఆ పూట భోజనం దగ్గర ఆయన, "కూరలో ఉప్పు తగ్గింది" అన్నారు. ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. ఉప్పు తగ్గిందన్నందుకు సంతోషించిన ఆడదాన్ని నేనొక్కదాన్నే కాదులెండి.

అప్పట్నుంచీ ఇంటికెవరొచ్చినా ఆయన ఒకటే మాట: "కొత్తలో ఏదో గాలివాటుగా ఒకసారి గెలిచింది. అసలు ఆట నా దగ్గరే నేర్చుకుంది." నేను టీ కప్పులు అందిస్తూ తల ఊపేదాన్ని.

ఒకచోట ఓడిపోవడం అలవాటైతే అది అక్కడే ఆగదు, బట్టకి నూనె పాకినట్టు పాకుతుంది. ఆయన డిపార్ట్‌మెంటు పరీక్ష తప్పిన ఏడాది, నేను సీనియర్ టెక్నీషియన్ పరీక్షకి వచ్చిన హాల్ టికెట్టుని బీరువాలో చీరల అడుగున పెట్టేశాను. ఎవరూ వద్దనలేదు. అననివ్వలేదు నేను. ఆస్పత్రిలో రక్తం తీసే పని నాది. పెద్ద డాక్టర్లు రెండుసార్లు గుచ్చి నరం దొరక్కపోతే "ఆవిణ్ణి పిలవండి" అనేవాళ్ళు. నేను వెళ్ళి, కళ్ళు మూసుకుని వేలితో తడిమి, ఒక్కసారికే తీసేదాన్ని. వెంటనే డాక్టరు రోగి భుజం తట్టి "చూశారా, నొప్పే లేదు, ఊరికే భయపడ్డారు" అనేవాడు, తనే తీసినట్టు. నేను దూది అదిమిపట్టి నిలబడేదాన్ని.

రిటైరయ్యాక నాకంటూ ఒక సరదా దొరికింది. నర్సింగ్ స్కూలు ప్రిన్సిపాల్ ఒకప్పుడు నా దగ్గర సూది పట్టడం నేర్చుకున్న పిల్లే. "మేడమ్, మా పిల్లలకి నరం పట్టడం మీరు నేర్పితేనే వస్తుంది, ఊరికే వచ్చి పోతుండండి" అని అడిగింది. అలా మంగళవారం, శుక్రవారం వెళ్తున్నాను. మొదట రబ్బరు చెయ్యి మీద నేర్పి, చివరికి నా చెయ్యే చాపుతాను. సూది వెనక మొదటి ఎర్రచుక్క కనపడగానే ఆ పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు చూడాలి. చాటున నన్ను సూదమ్మ అంటారు. క్లాసు అయ్యాక క్యాంటీన్‌లో కిటికీ పక్కన కూర్చుంటాను. అక్కడ టీ ఇంకొకళ్ళు పెడతారు, అది చల్లారేదాకా నన్నెవరూ లేపరు. వారానికి రెండుసార్లు, ఓడిపోనక్కర్లేని పూట అది.

నిరుడు ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. డాక్టరు మాత్రలు రాసి, వేళ్ళు కదుపుతూ ఉండమన్నాడు. "క్యారమ్స్ ఆడతారా? చాలా మంచిది, మానకండి" అన్నాడు. దాంతో నా ఓటమి మందుచీటీకెక్కింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆయన ఒక కాయని కొట్టబోతే స్ట్రైకరు ఇంకో దిక్కుకి పోతుంది. ఆయన తప్పాక నేనూ తప్పాలి, ఆయన కంటే ఎక్కువ తప్పాలి. ఇద్దరం పోటీపడి తప్పుతుంటే కాయలెక్కడివక్కడే ఉండేవి, ఒక్క ఆట మూడింటికి మొదలైతే దీపాలు పెట్టేదాకా సాగేది. ఇంత దగ్గర కాయ కూడా పోగొట్టుకుంటే నమ్మడమెలా? అందుకని నా వేలు కూడా కాస్త వణికించడం మొదలుపెట్టాను. ఆయన ఒక్కరే వణుకుతున్నట్టు ఉండదు కదా అని కూడా అనుకున్నాను.

పక్కింట్లో రిటైరైన బస్సు కండక్టరు ఉంటాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. నాలుగింటికి టీ వేళకి వచ్చి కూర్చుని ఆట చూస్తాడు. మొన్న ఆదివారం వంగి నా చేతివైపే చూసి, "ఇదేంటి చెల్లెమ్మా, నీ చెయ్యీ ఒణుకుతోంది? బావగారి దగ్గర అంటించుకున్నావా?" అన్నాడు.

"కాపురమన్నాక అన్నీ పంచుకోవద్దటయ్యా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ ఫోన్ చేసింది. "మేడమ్, ఒంట్లో ఎలా ఉంది? నిన్న సాయంత్రం సార్ ఫోన్ చేసి అంతా చెప్పారు. చెయ్యి నిలవడం లేదటగా. పిల్లలకి చూపించబోయి ఎక్కడైనా తప్పు గుచ్చుకుంటే బాగుండదు, మానిపించేస్తున్నానన్నారు. ముందే చెప్పి మంచిపని చేశారు. మీ క్లాసుకి వేరే ఆవిణ్ణి చూస్తున్నాం. మీరు విశ్రాంతి తీసుకోండి మేడమ్."

"మళ్ళీ చేస్తానమ్మా" అని పెట్టేశాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే కట్టేసి, వాకిట్లో పేపరు చదువుతున్న ఆయన దగ్గరికి వెళ్ళాను.

"స్కూలుకి ఫోన్ చేశారా?"

"ఆఁ. నువ్వెలాగూ చెప్పుకోలేవని నేనే చెప్పేశాను. కండక్టరు కూడా చూశాడుగా."

"నా చెయ్యి వణకడం లేదు."

ఆయన పేపరు మడిచారు. "తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"నువ్వే వణికిస్తున్నావని. నేను చిన్నబుచ్చుకోకూడదని." ఏదో మంచిమాట చెబుతున్నట్టు గొంతు తగ్గించారు. "ఇప్పుడేమిటి, మొదట్నుంచీ తెలుసు. ఆ రెండో ఆట దగ్గర్నుంచీ. తొమ్మిది కాయలూ ఒక్క ఊపులో వేసిన పిల్లకి ఐదు రోజుల్లో చెయ్యి పడిపోతుందా ఎక్కడైనా?"

"మరి ఇన్నేళ్ళూ అనలేదేం?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఏమనమంటావ్? బాగుండేది."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఎవరైనా కొడితే తట్టుకోవచ్చు గానీ, ఆ 'బాగుండేది'ని ఏం చెయ్యాలో తోచలేదు. ఇన్నేళ్ళూ ఈయన్ని మోసం చేస్తున్నానని నాలో ఒక మూల తప్పుచేసిన బరువుండేది. ఇంకో మూల, చెప్పుకోడానికి సిగ్గుగానీ, చిన్న గర్వం కూడా ఉండేది. గెలిచేది ఆయనే అయినా గెలిపించేది నేను కదా, ఆట నా చేతిలోనే ఉంది కదా అని. అంట్లు తోముకుంటూ ఆ గర్వాన్ని చప్పరించుకుంటూ ఉండేదాన్ని. అదీ నాది కాదట. కాయని అంచుదాకా తెచ్చి ఆపడానికి నేను చెమటోడ్చడం ఈయన ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నారు, దిండుకి ఆనుకుని, నా టీ తాగుతూ. చీరల అడుగున ఉన్న హాల్ టికెట్టు కూడా ఈయన చూసే ఉంటారా? అడగలేదు. తెలుసనే అంటారని భయం.

"మరి ఈ ఫోన్ ఎందుకు? నా చెయ్యి బాగుందని తెలిసి కూడా?"

"మంగళవారం, శుక్రవారం నువ్వు బస్సెక్కి పోతే మూడింటికి నాకేం తోచదు" అన్నారు పేపరు అంచు నలుపుతూ. "మానమంటే నువ్వు బాధపడతావని ఇలా చెప్పాను. ఎప్పుడూ నాకోసం ఏదో ఒకటి వదులుకుంటూనే ఉన్నావుగా, ఇదీ వదులుకుంటావనుకున్నా."

ఇంకొంచెం అన్నం పెట్టమన్నట్టుంది ఆ గొంతు. పాపం అనిపించింది. అనిపించింది కాబట్టే భయమేసింది. అక్కడే, ఆయన ఎదురుగానే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను.

"సార్ పొరబడ్డారమ్మా. నా చేతికేమీ కాలేదు. రేపు వస్తున్నాను. నమ్మకం లేకపోతే ముందు నీ చెయ్యే చాపు."

"అయ్యో, చాపుతాను మేడమ్" అని అవతల పెద్దగా నవ్వింది.

మధ్యాహ్నం కాయలు పేరుస్తుంటే ఆయన నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. కండక్టరు అన్నయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు.

"ఇవాళ నేను ఆడితే ఆడినట్టే ఆడతాను. ఇష్టమైతేనే వెయ్యండి" అన్నాను.

"డాక్టరు ఆడమన్నాడుగా" అన్నారాయన గొణుగుతూ.

"ఆడమన్నాడు. గెలవమనలేదు."

"ఇవాళ టీ కాస్త ఘాటుగా ఉందే!" అన్నాడు కండక్టరు.

నా మొదటి దెబ్బకి కాయలు చెదిరాయి. ఏదీ పడలేదు. ఆయన తప్పారు. నా వంతు వచ్చింది. మూలనే ఒక తెల్లకాయ, చంటిపిల్ల కూడా వేసేంత దగ్గర. కొట్టాను. చివరి క్షణంలో వేలు దానంతటదే పక్కకి తిరిగింది. కాయ రంధ్రం అంచుదాకా వెళ్ళి, నలభై ఏళ్ళుగా నేర్పినట్టే బుద్ధిగా అక్కడ ఆగిపోయింది. దాచిపెట్టాననుకున్న విద్య నిజంగానే నన్ను వదిలేసి పోయిందేమో. ఈ చేత్తో రేపు ఏ పిల్లకి ఏం నేర్పుతాను?

ఆయన మళ్ళీ తప్పారు. ఈసారి నేను తొందరపడలేదు. కళ్ళు మూసుకుని, నరం కోసం తడిమినట్టు, స్ట్రైకరు అంచు ఒకసారి వేలితో తడిమాను. కొట్టాను. అంచున ఆగిన కాయ పడింది. దాని పక్కది పడింది. అటు చెక్కగట్టుకి కొట్టి వెనక్కి తెచ్చి ఇంకొకటి. అలా ఆరు కాయలు.

"ఓర్నాయనో" అని కండక్టరు కప్పు కింద పెట్టాడు. "చెయ్యి ఒణుకుతోందన్నావు కదమ్మా!"

"నేననలేదన్నయ్యా. మీరన్నారు."

ఏడోది తప్పింది. నేను తప్పించలేదు, దానంతట అదే తప్పింది. ఆ తప్పడంలో ఎంత హాయి ఉందో చెప్పలేను.

ఆయన ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. చాలాసేపు గురి చూశారు. వణుకు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆ రెండు వణుకుల మధ్యలో కొట్టారు. నల్లకాయ ఒకటి నెమ్మదిగా, బద్ధకంగా దొర్లుకుంటూ వెళ్ళి మూలలో పడింది.

"ఇది నువ్వు వదిలింది కాదుగా?" అని అడిగారు.

"కాదు. దానికి నా కాయ అడ్డంపెడదామనే చూశాను. కుదరలేదు."

ఆయన వలలోంచి ఆ కాయని తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. ఇన్ని వందల ఆటలు గెలిచినప్పుడు కూడా ఆ మొహం నేను చూడలేదు. తర్వాతి దెబ్బ తప్పారు. నేను మిగిలిన మూడూ, ఎర్రకాయతో కలిపి, వేసేశాను. ఆయనవి బోర్డు మీద ఎనిమిది మిగిలాయి.

కండక్టరు గొంతు సవరించుకుని, పనేదో గుర్తొచ్చిందంటూ లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఆ ఎనిమిది కాయల్నీ ఒక్కొక్కటే వేలితో మధ్యకి జరిపారు. తల ఎత్తకుండా, "రేపు ఇంకో ఆట వేస్తావా?" అన్నారు.

"రేపు మంగళవారం" అన్నాను.