చుక్క చెవిలో నా చప్పుడు

నేను ఒక జింకు బకెట్టును. పదిహేను లీటర్లు పడతాను అని గొప్పగా చెప్పుకునే రోజులు పోయాయి. ఇప్పుడు నా అడుగున అరచేయి దూరేంత చిల్లు ఉంది. నీళ్లు పోస్తే నిలవవు, తౌడు పోస్తే ఉండదు. అయినా ఈ ఇంట్లో నాకు జరిగే మర్యాద కొత్త స్టీలు బిందెకు జరగదు. ఆ సంగతేమిటో మొదటినుంచీ చెబితేనే తెలుస్తుంది.

రాజమండ్రి శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను కత్తిరించి, వంచి, అంచు మడిచి, కరిగిన జింకులో ముంచి తీశారు. నా చేతికడ్డీ బిగించినవాడికి ఆ పూట టీ మీద ధ్యాస ఉన్నట్టుంది, కాస్త వదులుగా వదిలేశాడు. అందుకే నన్ను ఎక్కడ కింద పెట్టినా ఆ కడ్డీ పక్కకు వాలి టంగుమంటుంది. నా బతుకంతా ఆ టంగు మీదే నడుస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

నన్ను మొదట కొన్నవాడు పాల వ్యాపారి బులిరామయ్య. ఆయన పాకలో పన్నెండు గేదెలుండేవి. నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క వాటిలో ఒకటి. దూడ వచ్చి పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మితే తల్లి గేదెకు పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. దూడ తాగే పాలు కూడా ఎందుకు వదులుకోవాలని బులిరామయ్య దూడలను ముందే అమ్మేసేవాడు. దూడ లేకపోతే గేదె చేపదు కదా? అందుకు సూదిమందు ఉండనే ఉంది. ఆ సూదీ సీసా వేసుకు తిరగడానికి ఆయన నన్ను ఎంచుకున్నాడు. పూటపూటా నన్ను గేదె పక్కన టంగుమని దించడం, సూది తీసి మెడలో పొడవడం. నెల తిరిగేసరికి నేను టంగుమంటే చాలు, చుక్క ఒళ్లంతా బిగుసుకుపోయేది. సూది నాలో ఉందో లేదో చూసేది కాదు. నేను చెడ్డదాన్నని తేల్చేసుకుంది. దాన్ని తప్పు పట్టను, దానికి నేర్పినదే అది నేర్చుకుంది.

క్రమంగా తన్నడం మొదలుపెట్టింది. ఒక ఉదయం బులిరామయ్య మోకాలి మీద ఒక్కటిచ్చింది. మనుషుల తీరు భలే చిత్రం. తమకు అబ్బినదాన్ని అలవాటు అంటారు, గేదెకు అబ్బినదాన్ని పొగరు అంటారు. ఆయన ఆ వారమే దాన్ని చవగ్గా అమ్మేశాడు. కొన్నామెకు కొసరుగా నన్ను కూడా చేతిలో పెట్టాడు.

ఆమె నూకరత్నం. మొగుడి దెబ్బలు పడలేక తమ్ముడు సత్తిరాజు ఇంటికి వచ్చేసిన మనిషి. తన తిండి తాను సంపాదించుకోవాలని చెవి దిద్దులు అమ్మి చుక్కను కొంది. ఇంటికి తోలుకొచ్చిన రోజు సాయంత్రం పసుపు బొట్టు పెట్టి, నన్ను పక్కన దించింది. టంగుమన్నాను. చుక్క పలుపు తెంపుకున్నంత పని చేసింది. ఆ పూట చెంబుడు పాలు కూడా రాలేదు.

దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. మచ్చిక చేద్దామని నూకరత్నం ఇంకో ఉపాయం పన్నింది. ముందు గంపెడు తౌడు పెట్టి, అది తల వంచి తింటుండగా నన్ను మెల్లగా దగ్గరికి తెచ్చేది. ఆమె చేసిన పొరపాటు అదే. నాలుగో రోజుకల్లా చుక్క తౌడును చూసినా వెనక్కి జంకడం మొదలుపెట్టింది. తౌడు వచ్చిందంటే వెనకాలే ఆ పాడు చప్పుడు వస్తుందని నేర్చుకుంది మరి!

సత్తిరాజు మంచివాడే కానీ ఓపిక తక్కువ. "అక్కా, ఇది మనకి అచ్చిరాలేదే. మంగళవారం సంతకి తోలేద్దాం" అన్నాడు. తన్నే గేదెను, పాలివ్వని గేదెను సంతలో ఎవరు కొంటారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అవి ఎక్కే లారీ మళ్లీ ఏ పాక ముందూ ఆగదు.

"ఈ నెలాకరు దాకా ఆగరా తమ్ముడూ. అప్పటికీ ఇవ్వకపోతే నేనే తోలుకెల్తాను" అంది నూకరత్నం. చుక్క పోతే తాను మళ్లీ తమ్ముడి పంచన ఊరికే కూర్చుని తినాలి. లేదంటే ఆ మొగుడి దగ్గరికే పోవాలి.

మర్నాడు పశువుల డాక్టరు పద్మజ గారు వచ్చారు. చుక్క మెడ తడిమి, సూదులు దిగినచోట కట్టిన గట్టి కాయలు చూపించారు. నన్ను ఒకసారి టంగుమనిపించి, చుక్క చెవులు ఎలా వెనక్కి పోయాయో గమనించారు.

"ఇది పొగరు కాదు నూకరత్నం గారూ, భయం. ఆ బకెట్టు పారేయండి" అన్నారు.

"ఊల్లో ఇంటింటికీ బకెట్లున్నాయి కదండీ డాక్టరమ్మగారూ. అన్నిటినీ ఎక్కడ పారేయించనండి?"

పద్మజ గారు నవ్వేశారు. "అదీ నిజమే. అయితే వినండి. నేర్చుకున్నది చెరిపేస్తే పోయేది కాదు. దాని మీద కొత్తది నేర్పాలి. ముందు చప్పుడు, వెంటనే తౌడు. ఈ వరస ఎప్పుడూ తిరగబడకూడదు. అది బెదిరిపోయేంత దగ్గరికి మాత్రం వెళ్లకండి."

ఆ మధ్యాహ్నం నుంచే నాకు బడి మొదలైంది. మొదట నన్ను దొడ్డి చివర, కొబ్బరిచెట్టు మొదట్లో పెట్టింది. టంగు. చుక్క చెవి కదిలింది. వెంటనే దోసెడు తౌడు దాని ముందుకు. మళ్లీ టంగు, మళ్లీ దోసెడు. రోజుకు రెండడుగులు ముందుకు జరిపేది. చుక్క బెదిరితే ఏమీ అనకుండా నాలుగడుగులు వెనక్కి తీసుకుపోయేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. బకెట్టుతో గేదెకు చదువు చెబుతోందని ఎగతాళి చేశారు. అవి ఆమె చెవికెక్కలేదు.

ఆ రోజుల్లోనే నేను ఇంకో సంగతి కనిపెట్టాను. ఆ దొడ్డి తలుపుకు ఇనప గొళ్లెం ఉంది. ఎవరైనా దాన్ని విసురుగా తీస్తే నూకరత్నం మెడ భుజాల్లోకి దిగిపోయేది. చేతిలో పనున్నా సరే, కళ్లు మూసుకునేది. అచ్చం నా టంగుకు చుక్క బిగుసుకున్నట్టే.

పన్నెండో రోజు సత్తిరాజు గొళ్లెం దబాలున తీసి లోపలికి వచ్చి, నాలో ఏదో వేశాడు. సూది, సీసా! నా రేకు జలదరించింది. "ఒక్కసారి పొడిచేద్దాం అక్కా, పాలు దిగుతాయి కదా" అన్నాడు. అక్క కష్టం చూడలేకే తెచ్చాడు పాపం.

నూకరత్నం ఆ సూది తీసి గోడవతల పారేసింది. "దానికి పొడిస్తే నాకు పొడిసినట్టేరా. గొల్లెం సప్పుడైతే నేనెందుకు ముడుసుకుపోతానో ఎప్పుడైనా అడిగావా? ఆడు తాగొచ్చి గొల్లెం అలాగే తీసేవోడు. ఆ ఎనకాలే దెబ్బ పడేది. ఇక్కడ నన్ను కొట్టేవోడెవడూ లేడని తెలుసు. అయినా నా ఒల్లు ఇనదురా" అని కూలబడి ఏడ్చింది. చుక్క నెమరు వేయడం ఆపి ఆమెవైపే చూసింది. నాకు చేతులుంటే ఆ కన్నీళ్లు తుడిచేదాన్ని, ఉన్నది వదులు కడ్డీ ఒక్కటే.

ఆ మర్నాటి నుంచి సత్తిరాజు తలుపు దగ్గర ఆగి, "అక్కా, నేనే" అని కేకేసి, ఆ తర్వాతే గొళ్లెం నెమ్మదిగా తీసేవాడు. చేతిలో పకోడీ పొట్లం ఒకటి ఉండేది. గొళ్లెం, ఆ వెంటనే పకోడీ. డాక్టరమ్మ చెప్పిన వరస అతనికి ఎంతవరకు ఎక్కిందో నాకు తెలియదు కానీ, తు.చ. తప్పకుండా పాటించాడు.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా నేను చుక్క ముందు కాళ్ల దాకా వచ్చేశాను. ఆ తెల్లవారి నూకరత్నం నన్ను దాని పక్కనే దించింది. టంగుమన్నాను. చుక్క తల తిప్పింది, తన్నడానికి కాదు, తౌడు కోసం. ఆమె తౌడు పెట్టి, పొదుగు కడిగి, మెల్లగా నిమిరింది. చన్నులు ఉబ్బాయి. సూది లేదు, దూడ లేదు, చుక్క తనంతట తాను చేపింది. మొదటి ధార నా అడుగున పడినప్పుడు వినిపించిన చప్పుడు నేను అప్పటిదాకా ఎరగను. నూకరత్నం ఏడుస్తూ నవ్వుతూ పాలు పితికింది. మంగళవారం సంత ఊసు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఏడాదిన్నర గడిచింది. చుక్కకు పెయ్యిదూడ పుట్టింది. నూకరత్నం ఇంకో గేదెను కొంది. నా అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది. పాలకు స్టీలు బిందె వచ్చాక నేను చూరు కింద బోర్లాపడి ఉండేదాన్ని.

మొన్న పాత ఇనప సామాన్లవాడు గొళ్లెం ఊడొచ్చేంత గట్టిగా తీసి లోపలికి వచ్చాడు. నేను నూకరత్నం మెడవైపు చూశాను. ఆమె మాత్రం బియ్యం ఏరుతూనే తల తిప్పి, అతని చేతివైపు చూసింది. పొట్లం కనపడక, "ఎవరు బాబూ?" అంది, అంతే. మెడ ముడుచుకోలేదు. ఆమెకు ఆ సంగతి తెలిసినట్టే లేదు, నేను చూశాను.

ఏ ధ్యాసలో ఉందో నన్ను అతనికిచ్చేసింది. అతను బండిలో పడేశాడు, బండి కదిలింది. గతుకు గతుకుకీ నేను టంగుమంటున్నాను. మేతకు వెళ్లిన చుక్క సరిగ్గా అప్పుడే ఎదురొచ్చింది. టంగు వింది. నడిరోడ్డు మీద ఆగిపోయి, తౌడు కోసం బండిలో మూతి పెట్టి, నిలువునా చేపేసింది. నాలుగు చన్నుల్లోంచీ పాలు రోడ్డు మీద కారిపోతున్నాయి! సామాన్లవాడు బండి వదిలేసి పక్కకు గెంతాడు.

నూకరత్నం చెంగు దోపుకుని, పగలబడి నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. నన్ను బండిలోంచి లాక్కుని చంకన పెట్టుకుంది. "దీన్ని అమ్మనయ్యా. ఇది మా చుక్కకి చదువు చెప్పిన పంతులమ్మ" అంది.

ఇప్పుడు పాకలో మేకుకు వేలాడుతున్నాను. రెండు పూటలా పాలు తీసేముందు ఆమె నా కడ్డీని ఒక్కసారి టంగుమనిపిస్తుంది. బులిరామయ్య పాకలో మోగిన చప్పుడే ఇది, రవ్వంత కూడా మారలేదు. అది వినగానే చుక్క కళ్లు సగం మూసి, తల చాచి, నావైపు ఒక అడుగు వేస్తుంది.