ఓడకు ఒక మోకాలు

నిద్ర లేవగానే ఆసా పెల్టన్ చెయ్యి తిప్పి నుదుటిమీద పెట్టుకున్నాడు. తర్వాత మెడకింద, ఆపైన చంకలో. చల్లగానే ఉంది. నమ్మకం కుదరక గుడారపు గుంజను పట్టుకుని చెయ్యి చల్లబరచుకుని మళ్ళీ చూసుకున్నాడు. మొన్న ఒకసారి చలి వచ్చి, పళ్ళు టకటకలాడించి పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం.

చుట్టూ పరుపులు ఖాళీగా ఉన్నాయి. వాటిమీద పడుకునేవాళ్ళంతా కనెక్టికట్ నుంచి అతనితో ఒకే పడవలో ఈ జార్జియా దీవికి వచ్చినవాళ్ళు. కొందరు జ్వరంతో పోయి ఇసుకదిబ్బ వెనక మట్టిలో ఉన్నారు. మిగిలినవాళ్ళు దొరికిన పడవ ఎక్కి పారిపోయారు. బయట వాన. నేల నేలంతా బురద. ఓక్ చెట్ల కొమ్మలనుంచి నెరిసిన గడ్డాల్లా వేలాడే నాచు నీళ్ళు కారుస్తోంది.

ఆసా పొడగరి. పొడుగుకు సిగ్గుపడుతున్నట్టు భుజాలు ముందుకు వంచి నడుస్తాడు. గొడ్డలి దెబ్బ పడే క్షణంలో కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. దెబ్బ మాత్రం గురి తప్పదు. ఊళ్ళో అతన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. ఉరుమంటే భయం, బాతుల గుంపంటే భయం, చర్చిలో లేచి నిలబడి మాట్లాడాలంటే మరీ భయం. పెళ్ళి మాట కూడా అతని భార్య మెహిటబెలే అడిగింది. అతను తలూపాడు.

అలాంటివాడు ఇంత దూరం రావడానికి కారణం తమ్ముడు రూబెన్. సరుకు ఓడమీద పనికి వెళ్ళి అల్జియర్స్ సముద్రపు దొంగల చేతికి చిక్కాడు. అక్కడ సంకెళ్ళతో రాళ్ళు మోస్తున్నాడట. ఆ దొంగలను అణచడానికి కొత్త ప్రభుత్వం మొదటిసారి యుద్ధనౌకలు కట్టిస్తోందనీ, ఓడ పక్కటెముకలకూ, వాటిని దూలాలతో బిగించే వంకర 'మోకాలు' దుంగలకూ ఈ దీవుల ఓక్ కావాలనీ ఊళ్ళో చాటించినప్పుడు, ఆసా నోటినుంచి "నేనొస్తాను" అన్న మాట బయటపడింది. జీవితమంతా కూడబెట్టిన ధైర్యం ఆ ఒక్క మాటకే సరిపోయింది.

లాత్రప్ మేస్త్రీ గుడారంలో దుప్పటి కప్పుకుని, పీపామీద కాగితం పరుచుకుని ఉత్తరం రాస్తున్నాడు. ఉత్తరాది ఓడలరేవు అధికారులు అతన్ని కలప పంపమని ఇక్కడికి పంపారు. అతని చెంపలు పీక్కుపోయాయి. ఆసా రాగానే, వినేవాడు దొరికాడన్నట్టు పైకి చదివాడు.

"అయ్యా, చెట్లకు కొదవ లేదు. నరికే చేతులకే కొదవ. ఎద్దులు చచ్చాయి, దారులు మునిగాయి. చలికాలం ముదిరేదాకా పని ఆపక తప్పదు." కలం దించి, "బతికిపోయావు పెల్టన్. సాయంత్రం ఆటుకు పడవ బయల్దేరుతుంది. మూట కట్టుకో" అన్నాడు.

ఆసా గుండె గంతేసింది. ఇల్లు, పొడినేల, మెహిటబెల్. ఆ వెంటనే రూబెన్ గుర్తొచ్చాడు.

"మరి ఓడలండీ?"

"ఆగుతాయి. ఏం చేస్తాం?"

"మా తమ్ముడున్నాడండి అక్కడ."

మేస్త్రీ మూత పెట్టడానికి సిరాబుడ్డి అందుకున్నాడు.

"వాగు పక్కన పడగొట్టిన చెట్టుంది కదండీ. దాని వంపు మోకాలు దుంగకి సరిగ్గా సరిపోద్ది. అదొక్కటీ చెక్కి ఎక్కిస్తాను. రాసెయ్యండి."

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. మేస్త్రీ కలం మళ్ళీ సిరాలో ముంచి, 'మా మనిషి పెల్టన్ చెక్కిన మోకాలు ఒకటి ఈ పడవలోనే వస్తోంది' అని రాసి, మైనం కరిగించి ముద్ర వేశాడు. ఆసా ఆ ముద్రవైపే చూశాడు. తన పేరు ఎన్నడూ ఏ కాగితం మీదా ఊరు దాటలేదు. ఇప్పుడు మాట తప్పితే పెద్దవాళ్ళకు తెలిసిపోతుంది.

వాగు దగ్గర కఫీ ఉన్నాడు. పక్క పత్తితోట యజమాని కిరాయికి పంపిన బానిస. దుంగలు లాగడం అతని పని.

"ఇంకా పోలేదా దొరా?"

"నన్ను దొరా అనకు కఫీ. నా మాట మా ఇంటి కుక్క కూడా వినదు."

"దానికి కొరడా దెబ్బ పడదుగా" అన్నాడు కఫీ నవ్వకుండా. "మీకు పడవొచ్చింది. నాకు ఏ పడవా రాదు. ఇంకా ఎందుకు ఈ గొడ్డలి?"

ఆసా రూబెన్ సంగతి చెప్పాడు. సంకెళ్ళ మాట దగ్గర ఆగిపోయి తల దించుకున్నాడు. కఫీ చేతిలో తాళ్ళు పక్కన పడేశాడు. మోకాలు ఆకారానికి కోసిన పలక అచ్చు తెచ్చి, కొమ్మ వంపుమీద ఆనించి పట్టుకున్నాడు.

ఇనుములాంటి కట్టె. దెబ్బ దెబ్బకూ మోచేతులదాకా జలదరింపు. మధ్యాహ్నానికి ఆ జలదరింపు గొడ్డలిది కాదు, జ్వరానిదని ఆసాకు అర్థమైంది. వెన్నులో మొదలై, దవడల్లోకి పాకింది. గొడ్డలి కిందపెట్టి అడవిలోకి పరిగెత్తాలనిపించింది. ఎక్కడికి పరిగెత్తినా అది తనతోనే వస్తుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ కొట్టాడు.

"వణుకుతున్నారు" అన్నాడు కఫీ.

"భయపడ్డట్టు కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు."

"సరే. అచ్చు కదలనీకు."

పొద్దు వాలేవేళకు దుంగ తయారైంది. పత్తితోటనుంచి వచ్చిన పనివాళ్ళు తాళ్ళు కట్టి, మొద్దులమీద దొర్లిస్తూ నీళ్ళదాకా లాగారు. పడవకు చేరవేసే తెప్పమీదికి ఎక్కించేటప్పుడు అది ఒకసారి జారింది. ఆసా గావుకేక పెట్టాడు. కానీ దానికింద భుజం పెట్టినవాడూ అతనే.

తెప్ప లోతునీళ్ళలో ఆగి ఉన్న పడవవైపు సాగాక, కఫీ అతన్ని చంకల కింద పట్టుకుని చిన్న నావలో కూర్చోబెట్టి తెడ్డు అందుకున్నాడు. ఆసా కళ్ళు మూసుకున్నాడు.

"మీ తమ్ముడు మీలాగే పొడుగా?" అని అడిగాడు కఫీ సగం దూరంలో. జవాబు రాలేదు. తెడ్డు ఆపి, వంగి చూశాడు. ఆసా ముఖంలో వణుకు లేదు.

"పెల్టన్! తొందరగా, ఆటు పోతోంది!" మేస్త్రీ పైనుంచి కేకేశాడు.

"ఆయన రారయ్యా" అన్నాడు కఫీ.

మేస్త్రీ టోపీ తీశాడు. ఉత్తరం అతని కోటులోనే ఉంది. మార్చి రాయడానికి ముద్ర విప్పలేదు. తెరచాప ఎత్తారు. కఫీ నావ వెనక్కి తిప్పి, మసక వెలుగుండగానే ఇసుకదిబ్బ వెనక గుంట తవ్వాడు.

పార తోట కొట్లో అప్పజెప్పడానికి వాగు దారినే వెళ్ళాడు. నరికిన మొద్దుమీద, తెల్లటి చెక్కపేళ్ళ మధ్య, మధ్యాహ్నం ఆసా ఒక్కసారి కొరికి పక్కన పెట్టిన గట్టి ఓడ బిస్కెట్టు వానకు మెల్లగా ఉబ్బుతోంది.