పూజకు తుడిచిన రేకులు

బందరు వెల్డర్ పిచ్చేశ్వరరావు వేసిన అతుకు విడిపోయిందన్న మాట పాతికేళ్లలో ఎవరూ వినలేదు. అలాంటిది ఇవాళ, చేపలమ్మే పెద్దింట్లమ్మకి చేస్తున్న అల్యూమినియం ఐసు పెట్టె చల్లారుతూనే ఠప్పుమని అతుకు పొడుగునా చీలింది.

"ఇదేంటి బాబాయ్, పగిలిపోయింది!" అందామె.

కరెంటుని తిట్టబోయాడు, రాడ్డుని తిట్టబోయాడు. అంతలో రేకు గుర్తొచ్చింది. అల్యూమినియంలో వెల్డింగుకి అతుక్కునే రకం రేకూ, పగిలే రకం రేకూ కంటికి ఒక్కలాగే ఉంటాయి. తేడా చెప్పేది రేకు మీద సిరాతో అచ్చేసిన నంబరొక్కటే.

గిర్రున గోడవైపు తిరిగాడు. పదహారు రేకులు అద్దాల్లా మెరుస్తున్నాయి. నిన్న దసరా ఆయుధ పూజకని తనే రంగులు కరిగించే థిన్నరు గుడ్డతో ఒళ్లొంచి తుడిచాడు.

ఒక్కదాని మీదా నంబరు లేదు. అన్నిటికీ నిండుగా కుంకుమ బొట్టు మాత్రం ఉంది.