చైను బిగించినవాడు

నేరేడ్‌మెట్ అవతలి గుట్ట మీద కాంట్రాక్టర్ రియాజ్ డోజర్ మళ్లీ వేడెక్కి ఆగిపోయింది. ఇనుప చైన్ల మీద పాకే ముసలి బండి అది. పొద్దున్నే రియాజ్ ఫోన్ చేస్తే, మెకానిక్ బ్రహ్మచారికి వెళ్లబుద్ధి కాలేదు. ఆ డోజర్ నడిపేది అతని బావ వెంకటేశ్వర్లు. మొగుడు కొట్టిన దెబ్బలకు పెదవి చిట్లి, ఒక కన్ను వాచి మూసుకుపోయి, చెల్లెలు కల్పలత ముందురోజే మారేడ్‌పల్లిలోని అన్న ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"బండి చూసి రా అన్నా. వాని జోలికి మాత్రం పోకు," అంది కల్పలత.

సరేనన్నాడు. ఆ మాట మీద ఉండాలనే వెళ్లాడు.

డోజర్ ముక్కులోంచి ఆవిరి బుసలు కొడుతోంది. వెంకటేశ్వర్లు చైను మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"వచ్చినవా బావా. నా పెండ్లాం తిన్నదా మరి?"

బ్రహ్మచారి బండి చుట్టూ తిరిగి చూశాడు. చేతిలోని పానాను మరింత గట్టిగా పట్టుకున్నాడు.

బండి చల్లారాక రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును గాలి కొట్టి ఊదాడు. ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు. నీళ్ల గొట్టాలు పిసికి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. స్టార్ట్ చేయించి నిలబెట్టి ఉంచితే వేడి సూది నడిమధ్యే ఆగింది. ముందుకు నడిపిస్తే మాత్రం గుట్ట సగం ఎక్కకముందే ఎర్రగీత దాటింది. ఇంజనులో రోగం లేదు, దేన్నో ఈడ్వలేక ఈడుస్తోంది. బండి ఆపించి, కాలు పెట్టి చైనును తొక్కాడు. కొత్తగా నులక బిగించిన మంచంలా ఉంది, ఇసుమంత కూడా దిగలేదు.

"చైను ఎవరు బిగించిండ్రు?"

"నేనే. ఓసారి జారింది. గొట్టంల గ్రీజు కొట్టి బిగించిన."

"గింత బిగిస్తే ఇంజను బలమంతా చైను తిప్పనీకే పోతది. వేడెక్కక ఏం జేస్తది? జెర గ్రీజు ఇడిసి ఢీలా చేయాలె."

వెంకటేశ్వర్లు దిగొచ్చి మళ్లీ చైను మీద కూర్చుని నవ్వాడు. "ఢీలా ఇడిస్తే ఏది ఆగుతది బావా? నీ చెల్లెను జెర ఇడిసిన. నిన్న గడప దాటింది. ఈసారి కాళ్లు ఇరగ్గొట్టి కూసోబెడ్త."

పానా ఎప్పుడు లేచిందో బ్రహ్మచారికే తెలియదు. వెంకటేశ్వర్లు భుజం మీద పడ్డాక ఆ చప్పుడు విన్నాడు. వెంకటేశ్వర్లు చైను మీంచి దూకి తలతో అతని పొట్టలో పొడిచాడు. ఇద్దరూ కంకర మీద దొర్లారు. బ్రహ్మచారి పిడికిలి బావ ముక్కును చితక్కొట్టింది. వెంకటేశ్వర్లు అతని చెవి కొరికాడు. అవతల నిలబడ్డ రియాజ్ పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్య పడ్డాడు.

"పాగలైండ్రా మీరు? చావాలంటే నా బండి కాడ్నే దొరికిందా?"

ఇద్దరూ విడిపోయారు. వెంకటేశ్వర్లు ముక్కు తుడుచుకుని, కింద పడ్డ పానా అందుకున్నాడు. "నీ బోడి రిపేరు నాకు రాదనుకున్నవా? చూడు," అంటూ చైను పక్కన గొంతుక్కూర్చుని గ్రీజు వాల్వుకు పానా తగిలించాడు.

చైనును లోపలినుంచి నెట్టే గొట్టంలో గ్రీజు, తుపాకీలో మందులా కూరుకుని ఉంటుంది. పక్కకు నిలబడి, వాల్వును కొద్దిగా వదులు చేసి, గ్రీజు మెల్లగా పాకి బయటికొచ్చేదాకా ఓపిక పట్టాలి, లేకపోతే వాల్వు తూటాలా ఎగురుతుంది. వెంకటేశ్వర్లు మొహం వాల్వుకు ఎదురుగా పెట్టి, కోపంతో దాన్ని చుట్టు మీద చుట్టు తిప్పుతున్నాడు.

బ్రహ్మచారి చూశాడు. నోరు మూసుకుంటే చాలు. కల్పలత మూసుకుపోయిన కన్ను గుర్తొచ్చింది. పానా ఇంకో చుట్టు తిరిగింది. అతను కదల్లేదు. మరలు అయిపోవచ్చాయి.

అప్పుడు ఒక్క దూకు దూకి, వెంకటేశ్వర్లు జుట్టు పట్టి వెనక్కి లాగేశాడు. అదే క్షణంలో వాల్వు ఎగిరింది. అడ్డం వచ్చిన బ్రహ్మచారి ఎడమ అరచేతిలోకి గ్రీజు చిమ్మింది, ఇద్దరూ కింద పడ్డారు.

తనను మళ్లీ కొట్టాడనుకున్న వెంకటేశ్వర్లు లేచి, పడి ఉన్నవాడి డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. రియాజ్ పార కర్రతో అతని కాళ్ల మీద కొట్టి పడగొట్టాడు. "కళ్లున్నయా లేవా నీకు? నీ మూతి ఎక్కడుండెనో చూడు."

వెంకటేశ్వర్లు చూశాడు. వాల్వు ఎదురుగా, గుట్టను తవ్విన మొరం గోడలో దిగబడి ఉంది.

బ్రహ్మచారి అరచేతిలో ముల్లు గుచ్చుకున్నంత రంధ్రం తప్ప ఏమీ లేదు. నెత్తురు కూడా రాలేదు. కానీ రియాజ్ జీపు బస్తీ దాటేసరికి చేయి మణికట్టుదాకా ఉబ్బి నల్లబడింది. నొప్పికి తలను సీటుకేసి కొట్టుకున్నాడు. ఆసుపత్రిలో అరచేయి చీల్చి, లోపల పాకిన గ్రీజును కడిగారు. చూపుడు వేలు మాత్రం దక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం కల్పలత అన్న పక్కన కూర్చుని గంజి తాగిస్తుండగా వెంకటేశ్వర్లు వార్డులోకి వచ్చాడు.

"మీ అన్న నా పానం కాపాడిండు. గదంతా మరిసిపోదాం. ఇంటికి పోదాం పా."

"నిన్ను కాపాడింది మా అన్న. నాకేం సంబంధం? నేను రాను."

"అందరి ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్ లతా." అతను ఆమె రెక్క పట్టి గుంజాడు. రాకపోయేసరికి చేయెత్తాడు.

బ్రహ్మచారి లేవబోయాడు. పక్కటెముకలు కలుక్కుమని వెనక్కి పడ్డాడు. ఆ చెయ్యి కిందికి దిగేలోగా కల్పలత స్టీలు ఫ్లాస్కు అందుకుని మొగుడి దవడ మీద బలం కొద్దీ కొట్టింది. వేడి గంజి అతని మెడ మీదుగా కారింది. అతను నోరు పట్టుకుని వంగితే, నెత్తి మీద ఇంకోటి వేసింది. వార్డు బాయ్‌లు వచ్చి అతన్ని బయటికి ఈడ్చుకుపోయారు.

కల్పలత ఫ్లాస్కు కింద పెట్టి, మంచం మీద ఒలికిన గంజి తుడిచింది. కొంగు సర్దుకుంది.

"యాడికి?" అన్నాడు బ్రహ్మచారి.

"పోలీస్ స్టేషన్‌కు."

"ఆగు. నేను సుత వస్త."

"నువ్వు పండుకో అన్నా," అని ఆమె వాచిన మొహం కప్పుకోకుండానే వార్డు మధ్యగా నడిచి వెళ్లిపోయింది.